ఒక్క రాత్రి కోసం టెంటు వెయ్యొద్దు

"శనివారం పొద్దున్నే బయల్దేరదాం, ఆదివారం రాత్రికి ఇంటికొచ్చి పడదాం. టెంట్లు ఎవరి దగ్గరున్నాయో చెప్పండి."

మే నెల వచ్చిందంటే న్యూజెర్సీ తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజీ ఏదో ఒక రూపంలో తిరుగుతుంది. కింద వరసగా బొటనవేళ్లు. ఒకరు పులిహోర తెస్తామంటారు, ఒకరు స్పీకరు మాదంటారు, ఇంకొకరు క్రికెట్ బ్యాటు పెట్టుకోమంటారు. ఈ వ్యాసానికి కారణమైన మెసేజీలో అనుకున్న చోటు న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దులో ఉన్న థౌజండ్ ఐలండ్స్‌లోని వెల్స్‌లీ ఐలండ్ స్టేట్ పార్కు. సెయింట్ లారెన్స్ నది మధ్యలో దీవి, అక్కడ పిల్లాపాపలతో క్యాంపింగ్. చోటు ఎంపికకు వంక పెట్టడానికేమీ లేదు. నా అభ్యంతరమంతా "శనివారం, ఆదివారం" అన్న ఆ రెండు మాటల మీదే. అంత దూరం వెళ్తే రెండు రాత్రులైనా ఉండాలి, వీలుకాకపోతే అసలు వెళ్లకపోవడం మేలు. ఇదీ నా వాదన.

గంటల లెక్క

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి స్క్రాంటన్, బింగమ్టన్, సిరక్యూస్ మీదుగా ఈ దీవికి సుమారు 340 మైళ్లు. మ్యాపు ఆరు గంటలంటుంది. పిల్లలున్న కార్లు మూడు కలిసి వెళ్తే ఏడున్నరకు తక్కువ పట్టదు. ఏడింటికి అనుకున్న ప్రయాణం ఎనిమిదిన్నరకు మొదలవడం మనకు మామూలే కాబట్టి సాయంత్రం నాలుగింటికి చేరారనుకుందాం. న్యూయార్క్ స్టేట్ పార్కుల్లో చెక్-ఇన్ మూడింటికి, చెక్-అవుట్ మర్నాడు పదకొండుకి.

అంటే దీవి మీద ఉండేది 19 గంటలు. నిద్రకు ఎనిమిది తీసేయండి. టెంటు వేసి, పరుపుల్లో గాలి నింపి, సామాను సర్దుకోవడానికి కొత్తవాళ్లకు గంటన్నర. మర్నాడు అదంతా విప్పి, మడిచి, కార్లో ఇరికించడానికి రెండు గంటలు. మడిచిన టెంటు వచ్చిన సంచిలో పట్టకపోవడం ప్రకృతి నియమం కాబట్టి దానికింకో పావుగంట మీరే కలుపుకోండి. రాత్రి భోజనం, పొద్దుటి టిఫిను వండటం, తినడం, గిన్నెలు కడగడం కలిపి నాలుగు గంటలు. చివరికి మిగిలేది మూడున్నర గంటలు, అదీ ముక్కలు ముక్కలుగా. అందులో సగం చీకట్లో పోతుంది, ఎందుకంటే జూలై మొదట్లో అక్కడ పొద్దుగూకేది రాత్రి పావు తక్కువ తొమ్మిదికి. అప్పటికి మీరు స్టవ్ దగ్గరే ఉంటారు.

అదే రెండు రాత్రులైతే దీవి మీద 43 గంటలు. రెండు నిద్రలకు పదహారు, టెంటు పనికి అదే మూడున్నర, వంటాభోజనాలకు తొమ్మిది తీసేసినా పద్నాలుగున్నర గంటలు మిగులుతాయి. ఉండే రాత్రులు రెట్టింపైతే చేతికొచ్చే సమయం నాలుగు రెట్లయింది. టెంటు వేసే శ్రమ, విప్పే శ్రమ, పదిహేను గంటల రానూపోనూ డ్రైవింగు రెండిట్లోనూ ఒకటే. వారాంతాల్లో రెండు రాత్రులకు తగ్గకుండానే బుకింగ్ ఇచ్చే పార్కులూ ఉన్నాయి. అలాంటి చోట రెండు రాత్రులకూ డబ్బు కట్టి, ఒక రాత్రి ఖాళీగా వదిలేసి వచ్చేవాళ్లను చూస్తే మాత్రం ఏమనాలో తెలియదు.

ఈ అలవాటు ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. కార్తీకమాసపు వనభోజనాలు మన రక్తంలో ఉన్నాయి. పొద్దున వెళ్లడం, ఉసిరిచెట్టు కింద వండుకోవడం, తినడం, పిల్లలు ఆడుకుంటుంటే పెద్దవాళ్లు కాసేపు నడుం వాల్చడం, చీకటి పడేలోపు ఇల్లు చేరడం. వనభోజనంలో ఆ భోజనమే పని. క్యాంపింగును కూడా రాత్రి కలిసొచ్చిన వనభోజనంలా చూస్తాం కాబట్టే అక్కడికెళ్లి వండుతూనే ఉంటాం. క్యాంపింగుకు కావలసింది రాకా పోకా లేని ఒక రోజు. పొద్దున లేచేసరికి ఇల్లు, అంటే టెంటు, నిలబడే ఉండాలి. రాత్రి పడుకునేటప్పుడు రేపు పొద్దున్నే సర్దుకోవాలన్న బెంగ ఉండకూడదు. ఒక్క రాత్రి ప్రయాణంలో ఆ రోజు దొరకదు.

ఆ మధ్య రోజున ఏముంది

ఒంటారియో సరస్సులోంచి సెయింట్ లారెన్స్ బయటపడే చోట 1,800కు పైగా దీవులున్నాయి. గోదావరి లంకల్లా ఒండ్రు మేట వేసి పుట్టినవి కావు ఇవి. పాత గ్రానైటు కొండల్ని హిమానీనదాలు అరగదీస్తే, నీళ్లొచ్చి చుట్టుముడితే, పైకి మిగిలిన తలకాయలు. వెల్స్‌లీ దీవి వాటిలో పెద్దవాటిల్లో ఒకటి. ఒడ్డు నుంచి అక్కడికి పడవ అక్కర్లేదు, 1938లో తెరిచిన థౌజండ్ ఐలండ్స్ వంతెన ఉంది. ఒక్క రాత్రికి వచ్చినవాళ్లలో చాలామంది నదిని సరిగ్గా చూసేది ఆ వంతెన మీంచే.

పార్కు నైరుతి కొనలో మిన్నా ఆంథొనీ కామన్ నేచర్ సెంటర్ ఉంది. దాదాపు 600 ఎకరాల అడవి, బండలు, నడకదారులు. హిమయుగపు వరదనీటిలో రాళ్లు గిర్రున తిరుగుతూ గ్రానైటును తొలిచిన గుండ్రటి గుంతలు అక్కడ కనిపిస్తాయి. రోకలి దంచి దంచి రోలు లోతు పడ్డట్టే ఉంటాయి. నాలుగేళ్ల పిల్లలతో ఒక చుట్టు నడిచి రావడానికి గంటన్నర చాలు.

నదిలోకి దిగాలంటే రెండు దారులు. ఇసుక తీరంలో ఈత, కానీ లైఫ్‌గార్డు డ్యూటీలో ఉన్న వేళల్లోనే. స్టేట్ పార్కుల్లో అది కచ్చితమైన నిబంధన. మన సైటు నీటి పక్కనే ఉంది కదా అని అక్కడ దిగకూడదు. రెండోది కాయక్, తెడ్డుతో నడిపే సన్నటి పడవ. ఇక్కడ గాలి గురించి తెలియకపోతే ఇబ్బంది పడతారు. నది నైరుతి నుంచి ఈశాన్యానికి పారుతుంది, గాలి కూడా ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది. ఎండ ఎక్కాక, మధ్యాహ్నానికి జోరవుతుంది. ప్రవాహం, గాలి ఒకే వైపు తోస్తుంటే వెళ్లేటప్పుడు కాయక్ దానంతటదే పోతున్నట్టుంటుంది, తండ్రులు "ఇంత సులువా" అనుకుంటారు. తిరుగు ప్రయాణంలో పదేళ్ల పిల్లాడు తెడ్డు వదిలేసి ఏడుస్తాడు. అందుకే పొద్దున ఎనిమిదీ తొమ్మిది మధ్య బయల్దేరాలి, ముందు గాలికి ఎదురుగా వెళ్లాలి, ఒంట్లో సత్తువ తగ్గేసరికి గాలి ఇంటికి తోసేలా చూసుకోవాలి. చుట్టూ దీవులు అడ్డున్న లేక్ ఆఫ్ ది ఐల్స్ వైపు నీళ్లు కాస్త నెమ్మది. ఇప్పుడు చెప్పండి, పదకొండుకి చెక్-అవుట్ ఉన్న ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కాయక్ ఎక్కేదెవరు?

పడవలో పన్నెండేళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కుని తీరాలన్నది న్యూయార్క్ చట్టం. పెద్దవాళ్లకు చట్టం వేసవిలో పడవలో ఉంచుకుంటే చాలంటుంది, నేను తొడుక్కోమనే అంటాను. జాకెట్ సరిపోయిందో లేదో చూసే పద్ధతి తేలిక: పిల్లల భుజాల దగ్గర పట్టి పైకి లాగండి, గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది పెద్దదైనట్టు. గాలితో ఊదే హంసలు, డోనట్లు ఇంట్లో వదిలేయండి. గాలికి అవి మనిషి ఈదే వేగం కంటే జోరుగా కొట్టుకుపోతాయి. దాన్ని పట్టుకోబోయి మనిషి మునుగుతాడు.

నది పక్కన పడక అనగానే ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు గుర్తొచ్చేది వేరు. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జీ డ్యాం నీళ్లు వదిలితే బియాస్‌లో మన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ భయం న్యాయమైనదే, కానీ ఈ నది తీరు వేరు. వెనక సముద్రమంత సరస్సు ఉంది కాబట్టి ఇక్కడ నీటిమట్టం నిమిషాల్లో పెరగదు. 2017లోనూ 2019లోనూ వరదలొచ్చినప్పుడు నీళ్లు వారాల తరబడి మెల్లమెల్లగా ఎక్కాయి, అంతే నిదానంగా తీశాయి. ఇక్కడ ప్రాణం తీసేవి మూడు: గాలి, జూన్‌లో కూడా వదలని నీటి చలి, తొడుక్కోని జాకెట్.

ఏ పనీ లేకపోతే ఓడల్ని చూడొచ్చు. 1959లో సీవే, అంటే పెద్ద ఓడల కోసం ఈ నదిలో సిద్ధం చేసిన జలమార్గం, తెరిచినప్పటి నుంచి సముద్రపు ఓడలు ఈ నదిలో ఎదురెక్కి సరస్సుల దాకా వెళ్తున్నాయి. 225 మీటర్ల పొడవున్న ఓడ దీవికీ అమెరికా ఒడ్డుకూ నడుమ ఇరుకు సందులోంచి, చెట్ల వెనక ఒక అపార్టుమెంటు కదులుతున్నట్టు పోతుంది. దానికి టైంటేబులు చూసుకుని వెళ్లలేం. ఊరికే కుర్చీలో కూర్చున్న వాళ్లకే కనబడుతుంది.

నేల, టెంటు, చలి

టెంటు డబ్బా మీద "ఆరుగురికి" అని ఉంటే అది నలుగురికి. ఆరు పరుపులు అంచుకు అంచు ఆనించి లెక్కేసిన అంకె అది, సూట్‌కేసు పెట్టుకునే చోటు అందులో లేదు. కొన్నాక ఒకసారి ఇంటి వెనక వేసి చూడండి. కడ్డీ ఒకటి తక్కువొచ్చిందన్న సంగతి 340 మైళ్ల అవతల తెలియడం కంటే నయం.

ఈ దీవి మీద అసలు చిక్కు మేకులతో. లంకల్లో అయితే నాలుగు దెబ్బలకు మేకు దిగిపోతుంది. ఇక్కడ చాలా సైట్లలో పైన గులకరాయి, జానెడు లోతులో గ్రానైటు. టెంటుతో వచ్చే సన్న మేకులు మొదటి దెబ్బకే కొక్కేల్లా వంగుతాయి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే పది అంగుళాల లావు ఉక్కు మేకులు ఒక డజను, ఒక సుత్తి తీసుకెళ్లండి. మేకు కూడా దిగని చోట తాడు కొసను చిన్న రాయికి చుట్టి, దాని ముందు పెద్ద బండరాయి అడ్డం పెడితే గాలికి అంత తేలిగ్గా కదలదు. మేకులు లేకుండా తన కాళ్ల మీద నిలబడే గుమ్మటం టెంటు ఇక్కడ సుఖం. కానీ "నిలబడింది కదా" అని కట్టకుండా వదిలేస్తే మధ్యాహ్నం గాలికి దొర్లిపోయేదీ అదే.

కింద పరిచే పట్టా టెంటు అడుగు కంటే ఒక అంగుళం లోపలికే ఉండాలి. బయటికి వస్తే వాననీళ్లు దాని మీద పడి నేరుగా మీ వీపు కిందికి చేరతాయి. "టెంటు కారుతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. ఇంకోటి, కిటికీలన్నీ బిగించి పడుకోవడం. నలుగురి ఊపిరిలోని తేమ రాత్రంతా చల్లటి గుడ్డకు తగిలి నీటిబొట్లవుతుంది. పైన వల భాగం తెరిచే ఉంచి, రెయిన్‌ఫ్లై, అంటే టెంటు మీద కప్పే వాన గుడ్డ, లోపలి గుడ్డకు ఆనకుండా బిగించాలి.

జూలై రాత్రుల్లో 15 డిగ్రీల సెల్సియస్, జూన్ మొదట్లో, సెప్టెంబరులో పదికి, ఇంకా కిందికి. గాలిపరుపు మీద చలి పైనుంచి కాదు, కింది నుంచి కొడుతుంది. కప్పుకునే దుప్పటి కంటే పరుచుకునే దుప్పటి మందంగా ఉండాలి. తెల్లవారుజామున పరుపు మెత్తబడితే చిల్లు పడిందని కంగారు పడొద్దు, లోపలి గాలి చల్లబడి ముడుచుకుంది. పడుకోబోయే ముందు మళ్లీ నాలుగుసార్లు పంపు కొడితే సరిపోతుంది.

గ్యాసు, ఐసు, అమ్మల నడుం

ఒక్క రాత్రి ట్రిప్పులో ఆడవాళ్లకు విశ్రాంతి లేదన్నది నిజం, రెండు రాత్రులైతే ఇంకా ఎక్కువ వంట కదా అన్నది నా వాదనకు ఎదురయ్యే గట్టి ప్రశ్న. వంట పద్ధతి మార్చకపోతే ఆ ప్రశ్నదే గెలుపు. ఇంటి వంటగదిని ఉన్నదున్నట్టు మోసుకెళ్తే రెండు రాత్రులు రెట్టింపు చాకిరీ.

గ్యాసుతోనే మొదలుపెడదాం. పచ్చరంగు పౌండు ప్రొపేన్ సిలిండరులో ఉండేది సుమారు 21,500 బీటీయూల వేడి. మామూలు క్యాంపు స్టవ్‌లో ఒక్కో బర్నరు 10,000. రెండూ పూర్తిగా మండితే గంటలో ఖాళీ. పప్పు, అన్నం, కూర, మధ్యలో రెండుసార్లు టీ పెట్టాలనుకున్న బృందానికి రాత్రి ఎనిమిదింటికి, కూర సగం ఉడికాక, గ్యాసు అయిపోవడానికి కారణం ఈ లెక్కే. గాలికి మంట పక్కకు పోతే ఇంకా త్వరగా అవుతుంది. స్టవ్ మూతను గాలి వచ్చే వైపు నిలపాలి. నలుగురి కుటుంబానికి రోజుకొక సిలిండరు, పైన ఒకటి అదనం. వానొచ్చిందని స్టవ్‌ను టెంటులోకి మాత్రం తేవద్దు. నిప్పు అంటుకోకపోయినా కార్బన్ మోనాక్సైడ్ ఉంది, దానికి వాసన ఉండదు.

మొదటి రాత్రి అసలు వండొద్దు. పులిహోర అందుకే పుట్టింది, చపాతీలు, బంగాళాదుంప వేపుడు ఉంటే ఇంకా మంచిది. పొద్దున్న ఉప్మాకు రవ్వను ఇంటి దగ్గరే నేతిలో, పోపుతో సహా వేయించి డబ్బాలో పోసుకుంటే అక్కడ చెయ్యాల్సింది కప్పుకు రెండున్నర కప్పుల నీళ్లు మరిగించి కలపడమే, పది నిమిషాల పని. చికెన్‌కు మసాలా పట్టించి, జిప్ సంచిలో గడ్డకట్టించి, కూలర్ అడుగున పెడితే మొదటి రోజు అది ఐసు పని చేస్తుంది, రెండో సాయంత్రానికి కాల్చుకోవడానికి తయారవుతుంది. ఒక్క రాత్రి ట్రిప్పులో ఈ సదుపాయం లేదు, వెళ్లిన పూటే గడ్డకట్టిన చికెన్‌తో కుస్తీ పట్టాలి.

కూలర్లు రెండు ఉండాలి. పిల్లలు జ్యూసు కోసం పది నిమిషాలకోసారి తెరిచేది వేరు, పాలూ పెరుగూ మాంసం ఉన్నది వేరు. చిన్న ఐసుముక్కల కంటే దిమ్మ ఐసు చాలాసేపు నిలుస్తుంది. నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెడితే కరిగాక తాగడానికి పనికొస్తాయి. రాత్రి కూలర్లు, పచ్చళ్లతో సహా తిండి అంతా కార్లోకి చేరి, కారుకు తాళం పడాలి. ఇక్కడి ర్యాకూన్లు కూలర్ మూత తీయడంలో మన చేతికి తీసిపోవు. టెంటులో ఒక్క బిస్కెట్ ప్యాకెట్ మరిచిపోయినా ఉడుతలాంటి చిప్‌మంక్ గుడ్డను కొరికి లోపలికి దారి చేసుకుంటుంది. ఆవకాయ వాటికి నచ్చుతుందో లేదో గానీ, మూత మాత్రం తీసి చూస్తాయి.

కట్టెలు ఇంటి నుంచి తేకూడదు. వేడితో శుద్ధి చేయని కట్టెల్ని 50 మైళ్లు మించి తరలించడం న్యూయార్క్‌లో నేరం, పురుగులు అడవి నుంచి అడవికి పాకుతాయని. దీవి దగ్గరే కొనండి. సాయంత్రానికి రెండు కట్టలు పడతాయి. పడుకునే ముందు నీళ్లు పోసి, కలియబెట్టి, చెయ్యి దగ్గర పెట్టినా వెచ్చదనం తగలనంత వరకు మళ్లీ పోయాలి.

మిగిలిన అభ్యంతరాలు

"ఒక్క రాత్రే నిద్ర పట్టదు, రెండు రాత్రులా?" అంటారు. కొత్త చోట మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడం క్యాంపింగుకు ప్రత్యేకం కాదు. నిద్ర మీద పరిశోధన చేసేవాళ్లు దానికి 'ఫస్ట్ నైట్ ఎఫెక్ట్' అని పేరే పెట్టారు. రెండో రాత్రికి చెవి ఆ చప్పుళ్లకు అలవాటు పడుతుంది, కయాకింగ్‌తో ఒళ్లు అలిసి ఉంటుంది. ఒక్క రాత్రికి వెళ్లేవాళ్లు ప్రతిసారీ ఆ చెడ్డ రాత్రినే తెచ్చుకుని, క్యాంపింగంటే ఇంతేనని తీర్పు చెప్పేస్తారు.

వాన గురించి కూడా నా లెక్క ఇదే. ఒక్క రాత్రి ప్రయాణంలో వాన వస్తే తడుస్తూ వేసి తడుస్తూ విప్పడమే మిగులుతుంది. రెండు రాత్రులుంటే మధ్యలో ఎండ కాసి టెంటు ఆరే అవకాశం ఉంది. తడి టెంటునే మడిచి తేవాల్సి వస్తే మర్నాటికల్లా గరాజులో విప్పి ఆరెయ్యాలి, లేకపోతే బూజు పట్టిన వాసన ఇక వదలదు.

పెద్దవాళ్ల విషయంలో మాత్రం నాకు పూర్తి ధైర్యం లేదు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని రెండు రాత్రులు నేల మీద పడుకోబెట్టమని ఎవరికీ చెప్పను. పార్కులో క్యాబిన్లు ఉన్నాయి, వాళ్లకు అది తీసుకుని పక్కన పిల్లలకు టెంటు వెయ్యొచ్చు. క్యాబిన్లు ముందే అయిపోతాయి. దొరక్కపోతే మడత మంచం, బాత్‌రూంకు మూడు నాలుగు సైట్ల దూరంలో సైటు. మరీ ఆనుకుని ఉంటే రాత్రంతా లైటు, తలుపు చప్పుడు. తలకు కట్టుకునే టార్చి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. చెంబు మరవద్దు. దాని విలువ మరిచిపోయిన వాళ్లకే తెలుసు.

శుక్రవారం సెలవు దొరకదు అన్నది అసలు కారణం అంటారు. అలాగైతే సెలవు సోమవారం పెట్టుకుని, శుక్ర, శని రాత్రుల బదులు శని, ఆది రాత్రులు చూడండి. ఆదివారం మధ్యాహ్నానికి దీవి సగం ఖాళీ అవుతుంది, సైటు తేలిగ్గా దొరుకుతుంది, రాత్రి పదికి మొదలై పొద్దున ఏడు దాకా ఉండే నిశ్శబ్ద వేళలకు ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. ఎనిమిది కుటుంబాలు స్పీకరుతో వెళ్లే బృందానికి రేంజరు వచ్చి చెప్పే మొదటి మాట ఆ వేళల గురించే. ఖర్చు మాట కొస్తే, రెండో రాత్రి సైటు అద్దె మీ రానూపోనూ పెట్రోలు కంటే తక్కువ.

ఒక్క రాత్రి మంచిదయ్యే సందర్భం ఒకటుంది, ఒప్పుకోవాలి. ఇంటికి నలభై నిమిషాల్లో ఉన్న పార్కులో, టెంటు పనిచేస్తుందో లేదో, పిల్లలు భయపడతారో లేదో చూసుకోవడానికి. అది రిహార్సలు. దానికి థౌజండ్ ఐలండ్స్ దాకా వెళ్లనక్కర్లేదు.

పిడుదులు, పాస్‌పోర్టు

రెండు రాత్రులంటే రెండు సాయంత్రాలు ఒళ్లు వెతుక్కోవాలి. ఇక్కడి జింకల పిడుదులు (టిక్స్) లైమ్ అనే అంటుజబ్బును మోస్తాయి. పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది, పెద్దది నువ్వుగింజంత. స్నానాల గదిలో మంచి వెలుగులో చూడండి: మోకాళ్ల వెనక, గజ్జలు, బొడ్డు, చంకలు, చెవుల వెనక, జుట్టు కుదుళ్లు. కనబడితే సన్న మొనల పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా, నిటారుగా లాగెయ్యాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. జబ్బు ఎక్కడానికి సాధారణంగా పిడుదు ఒక రోజుకు మించి అంటుకుని ఉండాలి కాబట్టి రోజూ వెతికితే చాలావరకు భయం లేదు. బట్టలకు, బూట్లకు ముందురోజే పర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి ఆరబెట్టుకోవచ్చు. ఇంటికొచ్చాక ఆ బట్టల్ని ఉతకడానికి ముందే డ్రయ్యరులో గట్టి వేడి మీద పది నిమిషాలు తిప్పాలి, ఉత్త నీళ్లకు పిడుదులు చావవు.

ఇంకొక సంగతి, మన వీసాల వాళ్లకు. వంతెన దాటగానే దీవి మీద పార్కు ఎగ్జిట్ ఉంటుంది. అది దాటిపోతే కొద్ది నిమిషాల్లో కెనడా సరిహద్దు బూత్ ముందుంటారు, మధ్యలో "అయ్యో, తప్పు" అని వెనక్కి తిప్పుకునే తీరిక అంతగా ఉండదు. కార్లో నాలుగు కుటుంబాల వాళ్లు నాలుగు రకాల కాగితాలతో ఉంటే అక్కడ గడిచే పూట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. క్యాంపింగే కదా అని పాస్‌పోర్టులు, ఐ-94లు (అమెరికాలో అడుగుపెట్టినట్టు చూపే కాగితాలు) ఇంట్లో వదలొద్దు. చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలవి అయితే మరీను. కాయక్‌లో తిరిగేటప్పుడు కూడా నదిలో గీత కనబడదు, పక్క దీవి కెనడాది కావచ్చు. ఫోను కూడా తెలియకుండానే అవతలి టవరును పట్టుకుంటుంది. రోమింగ్ ఆపేసుకోండి.

బుకింగ్ తొమ్మిది నెలల ముందు తెరుచుకుంటుంది. వచ్చే జూలైకి కావాలంటే అక్టోబరులో, దసరా బొమ్మల కొలువు పెట్టే రోజుల్లో చూసుకోవాలి. నీటి పక్క సైట్లు, క్యాబిన్లు మొదటి రోజుల్లోనే పోతాయి. మే నెలలో వాట్సాప్‌లో మెసేజీ పెట్టే పద్ధతికి ఇదీ ఒక చిక్కే. అప్పటికి మిగిలేవి బాత్‌రూం తలుపుకు ఎదురుగా ఉన్నవి, వాన పడితే నీళ్లు నిలిచేవి. మ్యాపులో సైటు ఎంచుకునేటప్పుడు నీటికి ఎంత దగ్గరో చూసి ఊరుకోకండి, నేల ఏ వైపుకు వాలుతుందో ఫొటోల్లో చూడండి. టెంటు వేసే చోటు చుట్టుపక్కల కంటే రెండంగుళాలైనా ఎత్తుగా ఉండాలి.